కల్లంలో పడితే అవుటు

మా ఆయన టీమ్ ప్రతి వేసవిలోనూ ఓడిపోయేది, కానీ అవుటయ్యేది కాదు. అదెలా కుదురుతుందని మీరు అడగొచ్చు. పెళ్ళైన కొత్తలో నేనూ అదే అడిగాను.

నందిగామలో ఏటా మే నెలలో టెన్నిస్ బాల్ టోర్నమెంటు పెడతారు. పది ఓవర్ల ఆట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి టీములు వస్తాయి. కీసర దాటి మునేరు వైపు లోపలికి ఉండే మా ఊరి నుంచి బేతేలు లెవెన్ వెళ్తుంది. దానికి కెప్టెను మా ఆయన ప్రేమదాసు. మొదటి బంతికి దిగి, చివరి బంతి దాకా నిలబడతాడు. పది ఓవర్లూ అయ్యాక చూస్తే ఒక్క వికెట్టుకు యాభై ఎనిమిదో, అసలు వికెట్టే పోకుండా అరవై ఒకటో ఉంటుంది. అవతలి వాళ్ళు ఆ పరుగులు ఆరు ఓవర్లలో కొట్టేసి టీ తాగడానికి వెళ్ళిపోతారు. అప్పుడు మైకులో ఆయనెవరో "బేతేలు లెవెన్ కుర్రాళ్ళు ఎంతో క్రమశిక్షణతో ఆడారు" అంటాడు. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండేది.

నాది జగ్గయ్యపేట. తమ్ముడు బెన్నితో సందులో క్రికెట్ ఆడి, ఎదురింటి వాళ్ళ కిటికీ అద్దాలు పగలగొట్టి, అమ్మ చేత చీపురు దెబ్బలు తిని పెరిగినదాన్ని. ఇప్పుడు మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పే టీచరమ్మనయ్యాను గానీ, బంతి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. అలాంటిదాన్ని తెచ్చి బంతిని నేల మీద నుంచి లేవనివ్వని మనిషికి కట్టబెట్టారు మా వాళ్ళు.

మా ఊళ్ళో ఆడేది రత్తయ్య గారి మాగాణి చేలో. మినుము పీకేశాక అది వేసవంతా ఖాళీగా ఉంటుంది. దానికి పడమటి పక్కనే మిరపకాయలు ఆరబోసే కల్లం. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది గట్టు మీద నిలబడి ఆట చూస్తున్నాను. ఒక కుర్రాడు కాలు ముందుకేసి బంతిని ఎత్తి కొట్టాడు. ఎంత ముచ్చటగా కొట్టాడో! బంతి ఫీల్డర్ల నెత్తుల మీదుగా పోయి కల్లంలో ఎర్రటి కాయల మధ్య పడింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆ కుర్రాడు బ్యాటు చంకలో పెట్టుకుని, తల దించుకుని, చక్కగా బయటికి నడిచొచ్చేశాడు. ఒక్కడంటే ఒక్కడు అదేమని అడగలేదు.

"ఏంటండీ అది? సిక్సు కదా!" అన్నాను ఆయనతో.

"కల్లంలో పడితే అవుటు" అన్నాడు మా ఆయన, పొద్దున్నే సూర్యుడొస్తాడు అన్నంత మామూలుగా.

ఆ రూలు మా మామగారు యాకోబు గారు పెట్టింది. ఆయన కుర్రతనంలో బంతి కోసం పిల్లలు కల్లంలోకి దూకి కాయలు తొక్కారని రత్తయ్య గారి నాన్న, ఆయన్ని ఊరంతా పెద్దరైతు అనేవాళ్ళు, చేనంతా తుమ్మకంప కొట్టించి ఒక వేసవంతా ఆట లేకుండా చేశాడట. మరుసటేడు మామగారు వెళ్ళి, వాకిట్లో నిలబడి, "మా బంతి మీ కల్లంలో పడదండీ, మాట ఇస్తున్నా" అని చెప్పి చేను అడిగి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి కల్లంలో పడితే అవుటు. మామగారు పోయి తొమ్మిదేళ్ళయినా, పెద్దరైతు అంతకు ముందే పోయినా, మా ఊరి పిల్లలు బ్యాటు పట్టుకోవడం నేర్చుకునేదే బంతిని నేలకి అంటించి పంపడంతో. నందిగామ గ్రౌండులో కల్లం లేదు. అయినా వాళ్ళ చేతులకి ఆ సంగతి తెలియదు.

పోయిన వేసవిలో ఈ కథంతా కదిలింది స్టీవెన్ వల్ల. స్టీవెన్ మా ఆయనకి పినతండ్రి మనవడి వరస, కానీ అన్నా అనే పిలుస్తాడు. ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. టోర్నమెంటు ఇంకో మూడు వారాలుందనగా, ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి నులక మంచం మీద కూర్చోకుండా నిలబడ్డాడు. ఇంటి మనిషి అలా నిలబడ్డాడంటే ఏదో ఉందన్నమాటే.

"అన్నా, నీకు చెప్పకుండా చేస్తే బాగోదని వచ్చా" అన్నాడు. "ఈసారి కూడా ఫస్ట్ రౌండ్‌లోనే పోతే, వచ్చే ఏడు నుంచి నేను జగ్గయ్యపేట టీమ్‌కి ఆడతా. నాతో పాటు ఇంకో నలుగురు ఎళ్ళిపోతామంటున్నారు."

"అడిగిందెవరు?" అన్నాడు మా ఆయన.

స్టీవెన్ నా వంక చూసి నేల చూపులు చూశాడు. నాకు అర్థమైపోయింది. జగ్గయ్యపేట టీమ్ కెప్టెను మా తమ్ముడు బెన్నియే.

ఫోన్ తీసి అక్కడికక్కడే కలిపాను. "ఏరా, బావ టీమ్‌లో మనుషుల్ని లాక్కుంటావా? సిగ్గు లేదట్రా నీకు?"

"సిగ్గెందుకక్కా? వాడి చేతిలో ఏముందో నువ్వు చూశావా? మీ ఊళ్ళో ఉంటే ముసలాడయ్యేదాకా సింగిల్సే తీసుకుంటా ఉంటాడు. అన్నట్టు డ్రా వచ్చింది చూశారా? ఫస్ట్ మ్యాచ్ మనకీ మనకే. బావని తొందరగా ఓడి రమ్మను, మధ్యాహ్నం భోజనానికి పేటొచ్చేద్దురు, అమ్మ నాటుకోడి వండుతానంటోంది."

ఫోన్ పెట్టేశాను. మా ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "సరేరా స్టీవెనూ, నీ ఇష్టం" అని లోపలికి వెళ్ళాడు. అయిదుగురు పోతే టీమ్ ఉండదు. తండ్రి అడుక్కొచ్చి నిలబెట్టిన టీమ్ తన చేతుల్లో పోతుందని ఆయన భయం. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. పప్పు మాడిందేమోనని నేను రుచి చూశాను కూడా. మాడలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ముగ్గురం కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం. నేను, ఆయన, మా అత్తయ్య ఆదెమ్మ. బడికి సెలవులిచ్చారు. మంచి కాయలు ఒక పక్కకి, రంగు పోయిన తాలుకాయలు ఇంకో పక్కకి. ఘాటుకి ముక్కులు కారుతున్నాయి. ఎదురుగా ఖాళీ చేలో నిన్న నాటిన వికెట్లు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తూ ఉండగా నాకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ తట్టనందుకు నా మీద నాకే చిరాకేసింది.

"ఏమండీ, ఈ కాయలెవరివి?" అన్నాను.

"అదేం ప్రశ్న? మనవే."

"ఈ కల్లంలో మన కాయలు ఎన్నేళ్ళ నుంచి ఆరబోస్తున్నాం?"

"రత్తయ్య గారు చేను కౌలికిచ్చిన కాడ్నించీ. నాలుగేళ్ళు."

"మరి నాలుగేళ్ళ నుంచి మీరంతా ఎవరి కోసం అవుటవుతున్నారు?"

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నేను చెప్పేది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది ఆయనకి. ఆ కల్లంలో పెద్దరైతు కాయలు లేవు, రత్తయ్య గారి కాయలూ లేవు. మా కాయలు పాడవుతాయని మా వాళ్ళే భయపడి, మా వాళ్ళే అవుటని చెప్పుకుని, మా వాళ్ళే తల దించుకుని వచ్చేస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"నాన్న ఇచ్చిన మాట అది" అన్నాడు.

"ఎవరికిచ్చారండీ? ఆయన లేడు కదా ఇప్పుడు!"

"మనిషి పోతే మాట పోద్దా సూసన్? మీ పేటలో పోద్దేమో."

మా పేటనంటే నేను ఊరుకునేదాన్ని కాదు గానీ, ఆయన గొంతు బాగా లేదు. అత్తయ్య ఈ మాటలేవీ విననట్టే కాయలు ఏరుతూ కూర్చుంది. ఆమె పద్ధతే అంత. ఏదైనా మనసులో వేసుకుంటే అది ఉడికే దాకా మూత తియ్యదు.

సాయంత్రం కుర్రాళ్ళు ఆటకొచ్చారు. స్టీవెన్ బ్యాటింగ్. అత్తయ్య కల్లంలోంచి లేచి, కొంగు బొడ్లో దోపుకుని, చేలోకి నడిచింది. నలభై ఏళ్ళుగా ఆ పక్కనే కూర్చుని పని చేసుకుంటోంది గానీ ఆటలో ఎప్పుడూ కాలు పెట్టిన మనిషి కాదు. బౌలింగ్ వెయ్యబోతున్న యోహాను ఆగిపోయాడు.

"ఒరే స్టీవెనూ, ఇటు కొట్టరా" అంది కల్లం వైపు చెయ్యి చూపించి.

"పెద్దమ్మా, అటు పడితే అవుటు కదా!"

"కాయలు నావిరా. అవుటో కాదో నేను చెప్తా."

స్టీవెన్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. "అమ్మా, నాన్న..." అన్నాడు.

"మీ నాన్న మాటిచ్చాడు, చచ్చేదాకా నిలబెట్టుకున్నాడు. ఆయన పనైపోయింది. ఆ బరువు నీ నెత్తికెత్తమని నాకు చెప్పలా, నీకూ చెప్పలా. ఊరికే మోస్తన్నావు" అంది అత్తయ్య. "కాయలు తొక్కకుండా చెప్పులు ఇప్పి రండి, అంతే నాక్కావాల్సింది."

అని వెనక్కి వెళ్ళి పట్టా అంచున కూర్చుంది. యోహాను బంతి వేశాడు. స్టీవెన్ కొట్టాడు. బంతి లేచింది గానీ కల్లం దాకా పోలేదు, మధ్యలో ఎవడో పట్టేసుకున్నాడు. రెండోదీ అంతే. అలవాటు లేని చేతులు కదా. తొమ్మిదో పదో బంతికి గానీ ఒకటి కల్లంలో పడలేదు. పడగానే అందరూ అత్తయ్య వైపు తిరిగారు. ఆమె బంతిని తీసి, దుమ్ము దులిపి, విసిరేసి, "ఆడండ్రా" అంది. అంతే, కుర్రాళ్ళకి పూనకాలొచ్చాయి.

తర్వాతి రెండు వారాలూ మా ఇంట్లో నవ్వులే నవ్వులు. బంతి నిండా కారం, ఆ చేతులతో కళ్ళు నులుముకుని లబోదిబోమంటూ మా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చే వాళ్ళు. కుండలో నీళ్ళు చాలేవి కావు. అందరూ ఎడాపెడా అవుటవుతున్నారు, ఎడాపెడా కొడుతున్నారు. ఒక్క మా ఆయన తప్ప. ఆయన మాత్రం అదే ఆట. కాలు ముందుకి, బ్యాటు కిందకి, బంతి నేల మీద పాముకుంటూ పోవడం.

"మీరెందుకు కొట్టరు?" అన్నాను ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"వాళ్ళు కొడతారు కదా. నేను ఒక పక్క నిలబడతా."

"మీరు నిలబడితే సగం బంతులు మీరే తినేస్తారు. మిగతా వాళ్ళు ఎప్పుడు కొట్టాలి? అసలు సంగతి చెప్పనా? మీరు అవుటవరు కాబట్టి మీ ముందు అవుటవ్వాలంటే వాళ్ళకి సిగ్గు. మీకు మంచి పేరు, వాళ్ళకి ఓటమి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ అబద్ధమైతే కాదు. ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. మూడో రోజు నేను బట్టలు ఆరేస్తుంటే వచ్చి తీగ పట్టుకుని నిలబడ్డాడు.

"సూసన్, నవ్వకుండా వింటావా?"

"చెప్పండి."

"నందిగామ గ్రౌండులో నేను అవుటై ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. అవుటైతే అంత దూరం నడిచి రావాలి కదా... నడిచొచ్చేటప్పుడు ఎటు చూడాలో కూడా తెలీదు నాకు."

నేను నవ్వలేదు. తడిబట్ట నా చేతిలోనే ఉంది. నలభైకి దగ్గరపడిన మనిషి, ఎండలో పొలం పని చేసి మొద్దుబారిన చేతులు, నా ముందు నిలబడి ఆ మాట అడుగుతుంటే ఆయన మీద నాకు పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు.

"నా వైపు చూడండి. నేను వస్తా" అన్నాను.

మ్యాచ్ రోజు యోహాను ఆటోలో నందిగామ వెళ్ళాం. యోహాను ఆటో డ్రైవరు, మా టీమ్‌లో మంచి బౌలరు, బ్యాటింగులో పదకొండో వాడు. పన్నెండేళ్ళ నుంచి ఆడుతున్నా టోర్నమెంటులో ఒక్కసారి కూడా బ్యాటు పట్టుకుని గ్రౌండులోకి దిగలేదు. మూడో వికెట్టే పోని టీమ్‌లో పదకొండో వాడికి పనేముంటుంది? అత్తయ్య కూడా మాతో బయల్దేరింది. నందిగామలో ఆట చూడటం ఆమెకి అదే మొదటిసారి. సంచిలో మజ్జిగ సీసాలు, తడిగుడ్డలు, పచ్చడి అన్నం పెట్టుకొచ్చింది.

బెన్ని గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "నమస్కారం అత్తయ్యా, బాగున్నారా? బావా, టాస్ మీరే గెలవండి, మర్యాద కదా" అని పళ్ళికిలించాడు. నేను వాడి చెవి మెలిపెట్టాను. టాస్ వాడే గెలిచాడు.

జగ్గయ్యపేట ముందు ఆడి తొంభై నాలుగు కొట్టింది. మా వాళ్ళు గెలవాలంటే తొంభై అయిదు కావాలి. బేతేలు లెవెన్ పుట్టిన తర్వాత డెబ్బై దాటలేదు. కుర్రాళ్ళ మొహాలు చూశాను, పాతరోజుల మొహాలే. స్టీవెన్ బూటు లేసులు కట్టిందే కడుతున్నాడు. ఓడితే వాడు పోతాడు, వాడితో మిగతా వాళ్ళూ పోతారు. మా ఆయన బ్యాటు పట్టుకుని లేచాడు. నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్ళాడు.

మొదటి బంతి వేసింది బెన్నియే. నిదానంగా వేశాడు. బావ ఏం చేస్తాడో తెలుసన్న ధీమా వాడిది. ఫీల్డర్లందరూ దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నారు. మా ఆయన కాలు ముందుకేశాడు. తర్వాత జరిగింది నేను చూస్తున్నానా కలగంటున్నానా అనిపించింది. బ్యాటు కిందకి రాలేదు, పైకి లేచింది. బంతి బెన్ని నెత్తి మీద నుంచి, లాంగాన్ మీద నుంచి, బౌండరీ తాడు దాటి, అవతల పార్కు చేసిన బళ్ళ మధ్య పడింది. మైకాయన ఒక క్షణం మాట్లాడటం మర్చిపోయాడు. మా ఆయనైతే పరుగెత్తాలా వద్దా అని కూడా తెలియక, అలాగే నిలబడి బంతి పోయిన దిక్కు చూస్తున్నాడు.

రెండో బంతికి మళ్ళీ కొట్టాడు. ఈసారి బంతి నిట్టనిలువుగా లేచింది. కింద ఫీల్డరు తాపీగా పట్టేసుకున్నాడు.

మా ఆయన అవుటు. ఆరు పరుగులు, రెండు బంతులు. ఆయన ఆ ఎండలో అంత దూరం నుంచి నడిచి వస్తున్నాడు. నేను తాడు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా వైపే చూస్తూ వచ్చాడు. దగ్గరకొచ్చేసరికి మొహం నిండా నవ్వు. పదమూడేళ్ళ కాపురంలో ఆ నవ్వు నేను చూడలేదు.

"అవుటయ్యానే!" అన్నాడు, పరీక్ష పాసైనవాడిలా.

తర్వాత లోపలికి వెళ్తున్న స్టీవెన్ భుజం మీద చెయ్యేసి, "చూశావుగా, ఏం కాలా. పోయి కొట్టు" అన్నాడు.

ఇక మా వాళ్ళని పట్టేవాడు లేడు. కెప్టెనే రెండు బంతులకి పోయాక మిగతా వాళ్ళకి సిగ్గేముంది? స్టీవెన్ కొట్టిన నలభై పరుగుల్లో నేల మీద పోయినవి తక్కువ. ఒకడు కొడతాడు, అవుటవుతాడు, పరిగెత్తుకుంటూ వస్తాడు, ఇంకొకడు పరిగెత్తుకుంటూ దిగుతాడు. బెన్ని ఫీల్డర్లని దూరం పంపించి, మళ్ళీ దగ్గరికి పిలిచి, మళ్ళీ పంపించి, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది ఎనిమిది, తొమ్మిది వికెట్లు పోయాయి. చివరి ఓవర్లో రెండు బంతులు మిగిలాయి, మూడు పరుగులు కావాలి.

అప్పుడు యోహాను దిగాలి. దిగాలని వాడికీ తెలుసు, కానీ లేవడం లేదు.

"యోహానూ, నువ్వేరా" అన్నాడు మా ఆయన.

"నాకు బ్యాటు లేదన్నా."

"ఇదిగో నాది."

"ఎక్కడ నిలబడాలన్నా?"

మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని తాడు దాకా తీసుకెళ్ళి, వేలితో చూపించి పంపించాడు. మొదటి బంతి యోహానుకి కనబడనే లేదు, కీపరు చేతుల్లోకి పోయింది. ఇక ఒకే బంతి. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. బంతి వచ్చింది. యోహాను కళ్ళు మూసుకుని ఒళ్ళంతా తిప్పి బ్యాటు విసిరాడు. అది ఏ మూల తగిలిందో గానీ బంతి గిర్రున లేచి కీపరు నెత్తి మీదుగా తాడు దాటిపోయింది. నాలుగు.

కుర్రాళ్ళు కేకలేస్తూ లోపలికి పరిగెత్తారు. యోహాను ఇంకా కళ్ళు తెరవలేదు. తెరిచాక, "ఏమైంది? అవుటా?" అని అడిగాడట. గెలిచామంటే నమ్మలేదు. ఆ రోజు ఆటో ఇంటికి తోలుకొచ్చేటప్పుడు కూడా బ్యాటు ఒళ్ళోనే పెట్టుకున్నాడు, అడిగితే ఇవ్వలేదు.

బెన్ని వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "బావా, స్టీవెన్ని ఇంక అడగనులే. అడిగినా వాడు రాడు" అన్నాడు. నా దగ్గరికొచ్చి, "అక్కా, నాటుకోడి ఉడికిపోయుంటది. ఓడినోళ్ళం తినొచ్చా, లేక అదీ మీకేనా?" అన్నాడు. మా తమ్ముడంటే మాటలా!

ఇంటికొచ్చాక స్టీవెన్ మళ్ళీ మా వాకిట్లోకి వచ్చాడు. ఈసారి మంచం మీద కూర్చున్నాడు.

"అన్నా, ఆదివారం మ్యాచ్‌కి నేను ఓపెనింగ్ దిగనా?"

మా ఆయన కెప్టెనైన పదిహేడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను గిన్నె తోముతూ చెవి అటే పెట్టాను. మా ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"దిగు. యోహానుని పదికి పంపిద్దాం" అన్నాడు. "పదకొండో వాడిగా నేనుంటా."

ఆదివారం జి.కొండూరు వాళ్ళతో ఆట. స్టీవెన్ మొదటి ఓవర్ నుంచే మొదలెట్టాడు. మా ఆయన బెంచీ చివర బ్యాటు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన అత్తయ్య.

"నువ్వెప్పుడు దిగుతావురా?" అంది.

"నా దాకా రాకూడదమ్మా. రాకపోతేనే గెలిచినట్టు."

అంతలో స్టీవెన్ ఒకటి కొట్టాడు. అది ఎగిరిన ఎత్తుకి బెంచీ మీదున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. అత్తయ్య ఒక్కతే కూర్చుని ఉంది. మజ్జిగ సీసా మూత బిగిస్తూ, "మీ నాన్న ఇంతకన్నా దూరం కొట్టేవాడు" అంది.

మా ఆయన ఆమె వైపు తిరిగాడు. "నాన్నా? నాన్న గాల్లో కొట్టడమేంటమ్మా? నాకెప్పుడూ..."

"నువ్వు చూస్తే గదా. అప్పటికి నువ్వు పుట్టలా. మా పెళ్ళయిన కొత్త. నేను కల్లంలో కూలికొచ్చా, పెద్దరైతు కాయలు ఏరతన్నా. ఆయన కొడితే బంతి నా నెత్తి మీద నించి పోయి కాయల్లో పడింది. ఇంకా చూడు, నాకు చూపించాలని కొట్టాడు గదా, ఎంత మురిసిపోయాడో! దాని కోసం పిల్లలు దూకారు, కాయలు తొక్కారు. తర్వాత చేనంతా కంప కొట్టించారు. తన వల్లే గదా పిల్లలకి ఆట పోయిందని, ఆయన మళ్ళీ చచ్చేదాకా ఎత్తి కొట్టలా."

గ్రౌండులో ఎవరో అరుస్తున్నారు. మైకులో ఎవరో ఏదో చెప్తున్నారు. మా ఆయన వాళ్ళమ్మని అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఎంత దూరం పోయిందమ్మా?" అన్నాడు.

అత్తయ్య సీసా కింద పెట్టింది. గ్రౌండంతా ఒకసారి చూసి, తాడు చూసి, తాడు అవతల బళ్ళు చూసి, వాటికి ఇంకా అవతల రోడ్డు మీద ఆగి ఉన్న చెరుకురసం బండి వైపు చెయ్యి చాపింది.

"అంత" అంది.

ఆయన ఆటలో ఏం జరుగుతుందో చూడకుండా, ఆ ఓవర్ అయిపోయేదాకా ఆ బండి వంకే చూస్తూ కూర్చున్నాడు.